బుడ్ఢీ ఓడలో సోఫా పని

2022 అక్టోబర్ 3, సోమవారం

క్రీక్‌లో, ఊరి మధ్యకి వచ్చే సముద్రపు పాయలో, ముసలి ఓడ ఒకటి కట్టేసి ఉంది. మొన్న లేదు. మా సోఫా షాపు వ్యాన్ దేరా వైపు తిరుగుతుంటే చూశాను. టైర్లూ ఫ్రిజ్‌లూ ఎక్కించుకుంటున్న సరుకు లాంచీల మధ్య... సన్నగా, పొడుగ్గా, ముక్కు ముందుకు సాగి. నడుమ ఒకే ఒక్క పొగగొట్టం, కాస్త వెనక్కి వాలి, కుర్చీలో ఒరిగిన మనిషిలాగా. ఎవరిది? ఎక్కడి నుంచి వచ్చింది?

షాపు నడిపే నజీర్ మాస్టర్‌ని అడిగాను. "వహీ తో అప్‌నా కామ్ హై, బేటీ" అన్నారు. దాని సోఫాల పనంతా మన షాపుకే వచ్చిందట. బుధవారం కొలతలు. నన్నే రమ్మన్నారు.

జనాన్ని దాటించే అబ్రా పడవలవాళ్ళు దానికి అప్పుడే పేరు పెట్టేశారు. బుడ్ఢీ, ముసల్ది.

అక్టోబర్ 5, బుధవారం

ఎక్కాను.

విక్టోరియా రాణి కాలం నాటిదట. ఇంగ్లండులో ఎవరో దొర షికారు కోసం కట్టించుకున్నాడు. సరుకుకి కాదు, చేపలకి కాదు, యుద్ధానికి కాదు... ఊరికే తిరగడానికి. ఊరికే తిరగడానికి ఇంత ఇనుమా, ఇంత టేకా, ఇంత ఇత్తడా? ఆ దొర ఒక్కడే తిరిగాడా, ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళాడా? ఎవరిని అడగను?

కింద హాలు. మూడు వైపులా గోడకి ఆనించి సీట్లు, పైన తెల్ల రెక్సిన్, చిరిగి పెచ్చులు. టేపు పట్టుకుని వంగి ఉన్నాను. కాళ్ళ కింద నుంచి గొంతు వినిపించింది.

"కదలవేటే తల్లీ. ఒక్క అంగుళం కదిలితే నీ సొమ్మేటి పోయింది?"

తెలుగు. ఓడ కడుపులో నుంచి తెలుగు. టేపు వదిలేసి నిచ్చెన మెట్లు దిగాను. తెల్లజుట్టు పెద్దాయన ఒకరు ఇంజన్ ముందు కూర్చుని ఉన్నారు, మోచేతుల దాకా నూనె. నన్ను చూసి సిగ్గుపడ్డారు. "ఎవరూ లేరనుకున్నానమ్మా."

పేరు సత్యం గారు. విశాఖపట్నం. చిన్నప్పుడు అక్కడి పోర్టులో ఆవిరి టగ్గుల మీద పనిచేశారట. తర్వాత ఇక్కడ డీజిల్ ఇంజన్ల మీదే జీవితం గడిచిపోయింది. రిటైరై షార్జాలో ఉంటే ఓడ అర్బాబ్, దీని ముసలి యజమాని, వెతికి పిలిపించారు, ఆవిరి ఇంజన్ తెలిసినవాళ్ళు ఎవరూ దొరక్క.

"నెల్లూరా నువ్వు? నోరు తెరిస్తేనే తెలిసిపోయింది."

అక్టోబర్ 6, గురువారం

రోలాలో మా గదికి వచ్చి, నాతో ఉండే స్వర్ణకి చెప్పాను. పార్లర్ నుంచి అలిసిపోయి వచ్చింది పాపం. "నిన్న గూడ పడవ, ఇయ్యాల గూడ పడవేనా అక్కా? ఆ పడవల ఏమున్నదో జెర తీస్కపోయి సూపియ్యరాదు."

ఏముందో నాకు తెలిస్తే కదా.

అక్టోబర్ 11, మంగళవారం

సీట్లు విప్పడం మొదలు. ఇక్కడే, ఓడలోనే. చెక్కలు గోడకి బిగించి ఉన్నాయి, షాపుకి తీసుకెళ్ళలేం.

తెల్ల రెక్సిన్ లాగేశాను. దాని కింద ఇంకో గుడ్డ. గోధుమరంగు, గీతలది, మా స్కూల్ హెడ్మాస్టర్ కోటులాంటిది. దాని కింద ఇంకోటి, ఎర్రటి పూలది, ముట్టుకుంటే పొడి. ఎవరూ పాతది తీయలేదు. ప్రతివాడూ మీద మీద కప్పుకుంటూ పోయాడు. బద్ధకమా? తొందరా? లేక కింద ఉన్నది పాడుచేయడం ఇష్టం లేకనా?

ఉల్లిపాయ వొలిచినట్టు వొలుస్తున్నాను. మాస్టర్ యల్లా యల్లా, కానీ కానీ అంటూనే ఉన్నారు. చేతులు తొందరపడడం లేదు.

అక్టోబర్ 13, గురువారం

అడుగుకి చేరాను. ముదురు నీలం మఖ్మల్. అంతా వెలిసి బూడిదరంగైంది కానీ, ఒక బటన్ ఊడదీస్తే దాని కింద రూపాయి బిళ్ళంత మేర అసలు రంగు అలాగే ఉంది. నెమలి మెడ రంగు. వేలితో తాకి, మళ్ళీ తాకాను.

లోపల స్పాంజి కాదు, దూది కాదు. నల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా, బిరుసుగా... ముందు భయమేసింది. మనుషుల జుట్టేమో అని. సత్యం గారిని పిలిచాను. చేతిలోకి తీసుకుని వాసన చూశారు. "గుర్రం తోకమ్మా. అప్పట్లో అదే కూరేవారు."

ఎన్ని గుర్రాల మీద కూర్చున్నారో.

అక్టోబర్ 14, శుక్రవారం

మా ఆయన ఖాజా ఫుజైరా నుంచి ఫోన్. ఓడలకి ఆయిలు నింపే బార్జి మీద పని. వారం వారం వస్తారు, వీలైతే.

"ఇల్లు చూసినా షమీమ్. రెండు గదులు. కిటికీ తెరిస్తే కొండ కనబడతాది. నెలాఖరుకి ఖాళీ అవుతాది, ఇంటాయన చెప్పమంటుండాడు."

ఇక్కడ పని మాట ఎత్తితే, "ఈడ కూడా కుట్టుమిషన్లు ఉండాయి లే" అన్నారు. ఉంటాయి. అరబ్బులు తొడుక్కునే దిష్డాషా చొక్కాల చేతులు పొడుగు తగ్గించే పని. అనలేదు.

అక్టోబర్ 17, సోమవారం

ఈ రోజు ఒకటి దొరికింది. వస్తువు కాదు, కుట్టు.

సీటు అంచులో గుర్రపు వెంట్రుకలు జారకుండా దారంతో బిగించిన వరస. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే కుట్లన్నీ వాలు తప్పి ఉన్నాయి. మామూలుగా వాలే వైపుకి కాదు, ఎదుటి వైపుకి. మూడు సీట్లూ అంతే. నాలుగోది మాత్రం మామూలుగా ఉంది, అది వేరే మనిషి.

ఆ వాలు నాకు తెలుసు. నాదీ అదే. ఎడమచేతి కుట్టు. పని నేర్చుకునేటప్పుడు నెల్లూరులో ఉస్తాద్ దానికే నా వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడు. ఈ మనిషిని ఎవరూ కొట్టలేదా? కొట్టినా మానలేదా? మగవాడా, ఆడమనిషా? ఎక్కడో చలి దేశంలో కిటికీ దగ్గర కూర్చుని...

నజీర్ మాస్టర్‌కి చూపించాను. చాలాసేపు చూశారు. "తేరా కోయీ రిష్తేదార్ హోగా" అని, నా చుట్టమెవరో అయ్యుంటారని నవ్వి వెళ్ళిపోయారు. ఆ తర్వాత యల్లా అనడం తగ్గించారు.

అక్టోబర్ 19, బుధవారం

ఓడ అర్బాబ్ గారి కూతురు వచ్చింది. మరియం మేడమ్. ఇప్పుడు వ్యవహారమంతా ఆమే చూస్తోంది. నా వయసే ఉంటుంది. అబాయా అంచు పైకి పట్టుకుని టకటకా మెట్లు దిగింది. వెనక డిజైనర్ ఒకతను, చేతిలో ట్యాబ్.

ఓడని హోటల్ చేస్తారు. హాల్లో టేబుళ్ళు. ఇంజన్ ఉన్నచోట వంటగది. ఇంజన్ కోసి, ముక్కలు చేసి బయటికి.

సత్యం గారు లేచి నిలబడ్డారు. ఇంగ్లీషులో చెప్పారు. నెల రోజులు ఇవ్వండి, తిప్పి చూపిస్తాను, తిరక్కపోతే నేనే దగ్గరుండి కోయిస్తాను.

డిజైనర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగింది. "వన్ మంత్. ఉస్‌కే బాద్ ఖలాస్." నెల దాటితే ఇక అంతే.

పోతూ నా దగ్గర ఆగింది. మోకాళ్ళ మీద ఉన్నాను, చుట్టూ గుర్రపు వెంట్రుకలు. ఇదేమిటంది. చూపించాను. బటన్ కింద రంగు కూడా. ఫోన్‌లో ఫొటో తీసుకుంది. డిజైనర్ తెల్ల రెక్సిన్ శాంపిల్ తీయబోతే తర్వాత చూద్దామన్నట్టు "బాద్ మే" అంది.

అక్టోబర్ 23, ఆదివారం

ఖాజా వచ్చారు. స్వర్ణ తన చెల్లెలి దగ్గరికి పోయింది, గది మాది.

పైనున్న సూట్‌కేసు అందుకోబోయి చెయ్యి సగంలో ఆపేశారు. ముఖం మారింది. ఏమైందంటే ఏం లేదన్నారు. చొక్కా ఎత్తి చూశాను. చంక కింద నుంచి నడుం దాకా నలుపు, అంచుల్లో పసుపు తిరిగి.

ఓడని బార్జికి కట్టే తాడు తెగిందట. రెండు వారాల కింద.

"పక్కనే పోయింది. కొస తగిలింది అంతే. నా ముందు నిలబడినోడిని ఆస్పత్రికి తీసకపోయినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు. ఆడ నువ్వు లేవు కదా."

నిష్ఠూరంగా అనలేదు. ఊరికే అన్నారు. తర్వాత అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా, "గదిలోకొస్తే ఎవురో ఒకరు ఉండాలనిపిస్తుండాది షమీమ్. ముందు ఇట్టా అనిపించేది కాదు."

సాయంత్రం బస్సెక్కించి వచ్చాను.

అక్టోబర్ 24, సోమవారం

పనిలో మనసు లేదు. ఇల్లు తీసుకోమని చెప్పేశాను. నవంబర్ ఆఖరుకి వస్తానని.

ఎందుకు నవంబర్ ఆఖరుకి? ఇంజన్ తిరుగుతుందో లేదో అప్పటికి తేలుతుంది కనుక. ఈ మాట ఆయనకి చెప్పలేదు.

నవంబర్ 3, గురువారం

ఇంజన్ కదిలింది. ఒక్క అంగుళం. పొడుగాటి ఇనుప కడ్డీ పెట్టి, నలుగురు పట్టి తోస్తే. సత్యం గారు అందరికీ కరక్ చాయ్ తెప్పించారు. ముఖం కడుక్కోకుండానే తాగారు.

నవంబర్ 8, మంగళవారం

బాయిలర్ చూసే రోజు. ఇంజన్ ఒక్కటే బాగుంటే చాలదట, ఆవిరి పుట్టించే బాయిలర్ తట్టుకోవాలి. నన్నూ చూడమన్నారు, నేను ఎలాగూ చూసేదాన్ని.

చిన్న సుత్తితో రేకుల మీద కొట్టుకుంటూ పోయారు. ఖంగు. ఖంగు. ఖంగు. ప్రతి మోతకీ ఆయన ముఖం విచ్చుకుంటోంది. చివర్లో అడుగున, పడుకుని దూరిన చోట... తప్. గుమ్మడికాయ మీద కొట్టినట్టు. మళ్ళీ కొట్టారు. అదే. ఇంకా పక్కన కొట్టారు. అదే.

బయటికి వచ్చి చాలాసేపు చేతులు తుడుచుకున్నారు. "తినీసింది. తుప్పు లోపల్నించి తినీసింది."

నవంబర్ 10, గురువారం

మెషీన్ తెచ్చి కొలిచారు. సుత్తి చెప్పిందే మెషీనూ చెప్పింది.

డిజైనర్ అడిగాడు: కొంచెం ఆవిరితో, ఒక్క ఐదు నిమిషాలు? మేడమ్‌కి వీడియో తీసి చూపిస్తే చాలు కదా? ఎవరికీ తెలియదు.

"పేలితే ఇంజన్‌కేం కాదు బాబూ. ఎదురుగా నిలబడినోడు పోతాడు. నేను ముట్టించను."

ఇదంతా సత్యం గారు కోరిందే. నెల గడువు ఆయన అడిగిందే. నెల్లాళ్ళు ఆ ఇనుముని బతిమాలుకున్నది ఆయనే. వద్దన్నది కూడా ఆయనే. మరియం మేడమ్‌కి ఫోన్ చేసి తనే చెప్పారు. ఆవిడ ఏమందో తెలియదు, ఈయన "యెస్ మేడమ్" అని రెండుసార్లు అన్నారు.

తర్వాత నా సీటు చట్రం మీద వచ్చి కూర్చున్నారు. టీ ఇచ్చాను.

"ఒక్కసారి ఆ వేడి ముఖానికి తగిల్తే చాలనుకున్నానమ్మా. వేడి నూనె, తడి ఇనుము... ఆ వాసన ఎలాగుంటాదో ఇంకెవరికీ సెప్పలేను."

చేతిలో స్టేపిల్ గన్ ఉంది. దాని గొట్టం పోయి గాలి కొట్టే కంప్రెసర్‌కి తగులుకుని ఉంది. అడగాలనిపించింది, అడిగేశాను.

"ఆవిరే కావాలా బాబాయ్? వేరే దేంతోనూ తిరగదా? ఇది గాలితోనే కదా కొడుతోంది."

ఆయన స్టేపిల్ గన్ వంక చూశారు. నవ్వారు, ఏడుపుకి దగ్గరగా. "తిరుగుతాదమ్మా. గాలి పంపి తిప్పుతారు, మ్యూజియాల్లో అలాగే చేస్తారు. నాకూ తట్టింది. మనసొప్పలేదు. సచ్చిన మనిషికి చెయ్యెత్తి దండం పెట్టించినట్టుంటాదని."

టీ చల్లారిపోయింది. తాగలేదు.

నవంబర్ 11, శుక్రవారం

పొద్దున్నే సత్యం గారి ఫోన్. "పెద్ద కంప్రెసర్ ఎవరి దగ్గరుందో మీ మాస్టర్‌ని కనుక్కోమ్మా."

మనసు ఎప్పుడు ఒప్పుకుందో, ఎలా ఒప్పుకుందో అడగలేదు. అడగాలని ఎంత ఉన్నా.

నవంబర్ 13, ఆదివారం

రాయాలి, ఉన్నదున్నట్టు.

ఖాజా వచ్చారు. క్రీక్‌కి వెళ్దాం రండి అన్నాను. సెలవు రోజు కూడా అదేనా అన్నట్టు చూశారు కానీ వచ్చారు. ఒడ్డున లారీ మీద కంప్రెసర్, రాళ్ళు తవ్వేచోట వాడేది. లావుపాటి గొట్టం ఓడలోకి. నీళ్ళలో పంకాకి పోయే ఇరుసు విడదీసేశారు, ఓడ కదలకుండా. అయినా ఖాజా గట్టు మీదే ఆగి కట్టుతాళ్ళు చూశారు. ఒకదాన్ని విప్పి మళ్ళీ కట్టారు. ఆ తర్వాతే ఎక్కారు.

మరియం మేడమ్ వచ్చింది, తండ్రిని కూడా తీసుకొచ్చింది. ముసలాయన చేతికర్ర పట్టుకుని హాల్లో కూర్చున్నారు, నేను కూరడం పూర్తిచేసిన ఒకే ఒక్క సీటు మీద. గుర్రపు వెంట్రుకలే కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కూరాను. పైన గుడ్డ ఇంకా లేదు, ముతక నారగుడ్డే. చేత్తో నొక్కి చూసుకుని, బాగుందని, "జైన్" అన్నారు.

గాలి వదిలారు. బుస్సుమంది. ఏమీ లేదు. సత్యం గారు చక్రం ఇంకాస్త తిప్పారు. బుస్సు పెరిగింది. ఎక్కడెక్కడో సందుల్లో నుంచి కారిపోతోంది. డిజైనర్ గడియారం చూసుకున్నాడు. సత్యం గారు మొన్నటి తోపుడు కడ్డీ వంక చెయ్యి చూపారు. నలుగురు ఉండాలి, ముగ్గురే ఉన్నారు. ఖాజా నా పక్క నుంచి దిగి వెళ్ళి పట్టుకున్నారు. ఆ పక్కటెముకలతో. వద్దనేలోపే.

తోశారు. వదిలారు.

ముందు ఇంజన్‌లో ఒక కడ్డీ మెల్లగా పైకి లేచింది, నిద్రలో చెయ్యి ఎత్తినట్టు. అది దిగుతుంటే రెండోది లేచింది. తర్వాత మూడోది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఊపిరిలాంటి చప్పుడు, వదులుతూ, పీలుస్తూ. నేల అదిరింది, ఎక్కువ కాదు. నా పాదాల్లో నుంచి మోకాళ్ళ దాకా. ఇంత పెద్ద ఇనుము ఇంత మెత్తగా తిరుగుతుందని నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

పొగ లేదు. వేడి లేదు. నూనె మాత్రం మెరుస్తోంది.

సత్యం గారు అటు తిరిగి నిలబడ్డారు. నేను అటు వెళ్ళలేదు.

బయట అబ్రాలు నెమ్మదించాయట, జనం లేచి నిలబడి చూశారట. మరియం మేడమ్ నేల మీద అరచెయ్యి ఆనించి కూర్చుండిపోయింది. తండ్రితో అరబీలో ఏదో అంది. ముసలాయన చాలాసేపు మాట్లాడారు. ఏమన్నారో. కర్రతో ఇంజన్ వైపు చూపించి, ఒడ్డు వైపు చూపించి, నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు ఖాజా అన్నారు, "నువ్వు ఫోన్‌లో చెప్తుంటే ఏందో అనుకున్నా."

నొప్పి ఉందా అంటే లేదన్నారు. బస్సులో కూర్చునేటప్పుడు మెల్లగా కూర్చున్నారు.

నవంబర్ 15, మంగళవారం

తేలిపోయింది. ఇంజన్ ఉంటుంది. వంటగది బాయిలర్ చోటులోకి పోతుంది, బాయిలర్ని కోసేస్తారు. గాలితోనే తిప్పుతారు, తినేవాళ్ళు చూడ్డానికి.

సత్యం గారిని అడిగాను, సంతోషమేనా బాబాయ్ అని. "సగం" అన్నారు. ఇంజన్ మీద చెయ్యి వేసి, "సగమంటే తక్కువేటి కాదు లేమ్మా."

నవంబర్ 17, గురువారం

నజీర్ మాస్టర్ పిలిచారు. ఓడని అజ్మాన్ యార్డుకి లాక్కెళ్తారు, అది మా గదికి దగ్గర, ఫుజైరాకి దూరం. అడుగు రేకులు మార్చాలి, ఏడాది పని. సీట్లన్నీ పాత పద్ధతిలోనే కావాలంది మేడమ్. నెమలి మెడ రంగు మఖ్మల్ ఎక్కడో నేయిస్తోందట. ఎవరు చేస్తారు? "మైనే తేరా నామ్ దే దియా, బేటీ."

ఇచ్చేశారు. నా పేరు ఇచ్చేశారు, నన్ను అడగలేదు. నిజంగా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

ఫుజైరా ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేశాం. గోడలకి రంగు వేయిస్తున్నారట. ఏ రంగు కావాలో చెప్పమని ఖాజా మెసేజ్. ఇంకా చెప్పలేదు.

నవంబర్ 18, శుక్రవారం

స్వర్ణతో అన్నాను. "నువ్వైతే ఏం చేస్తవ్ అని నన్నడుగుతున్నవా అక్కా? నేనైతే మొగుని కాడికే పోత. కాని నువ్వు నేను గాదు గద." అని జడ వేసుకోవడంలో పడింది.

నవంబర్ 21, సోమవారం

బుడ్ఢీ వెళ్ళిపోయింది. రెండు టగ్గులు, ముందొకటి వెనకొకటి. ఒడ్డున నిలబడి చూశాను. సత్యం గారు ఓడ మీదే ఉన్నారు, రెయిలింగ్ పట్టుకుని. చెయ్యి ఊపారు. మలుపు తిరిగేదాకా పొగగొట్టం కనిపించింది. ఆ జాగాలోకి మధ్యాహ్నానికే ఒక లాంచీ వచ్చి, ఉల్లిపాయ బస్తాలు దించుతోంది.

నవంబర్ 22, మంగళవారం

ఫజర్ నమాజ్ అయ్యాక ఖాజాకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అజ్మాన్ సంగతి, ఏడాది సంగతి, మాస్టర్ నా పేరు ఇచ్చిన సంగతి. వద్దంటే చెప్పండి, వద్దని చెప్పేస్తా అని కూడా అన్నాను. ఆ మాట నోట్లో నుంచి వచ్చాక, అది అబద్ధమో నిజమో నాకే అర్థం కాలేదు.

కోప్పడతారనుకున్నాను. అవతల సముద్రం చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"ఆ యార్డులో నాకేమన్నా పనుంటాదా?" అన్నారు.

ఉన్నదల్లా తాళ్ళ పనే. ఓడలు లాగడం, కట్టడం, తెగితే మనిషిని కొట్టే తాళ్ళతోనే. ఆయనకి వచ్చింది అదే. ఉందని చెబితే వచ్చేస్తారు. లేదని చెబితే...

"టీ తాగినారా?" అన్నాను.

తాగలేదన్నారు. ఫోన్ పెట్టేయకుండానే లేచి టీకి నీళ్ళు పెట్టాను.